పిల్లలమర్రి, తిమ్మమ్మ మర్రిమాను: ఇంటిల్లిపాదితో కారులో వెళ్లాలనుకునేవారికి

మీరు అడిగినదాన్ని క్లుప్తంగా చెప్పుకుంటే ఇదీ: డెబ్బై దాటిన అమ్మానాన్నలను, పదకొండేళ్ల అమ్మాయిని, ఏడేళ్ల అబ్బాయిని వెంటబెట్టుకుని డిసెంబరు సెలవుల్లో హైదరాబాద్ నుంచి కారులో బయలుదేరి మహబూబ్‌నగర్ దగ్గరి పిల్లలమర్రినీ, కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమానునూ చూడాలనుకుంటున్నారు. కేవలం చెట్ల కోసం రానుపోను దాదాపు వెయ్యి కిలోమీటర్లు తిరగడం దండగ అవుతుందా, రెండింటిలో ఏది పాతది, దారిలో ఇంకేమేం చూడవచ్చు, మీ అమ్మగారి కోరిక ప్రకారం ఆ మర్రికొమ్మ ఒకటి తెచ్చి ఊళ్లో నాటవచ్చా అన్నవి మీ ప్రశ్నలు. రాయలసీమలోని డిగ్రీ కళాశాలలో ఇరవై ఎనిమిదేళ్లు వృక్షశాస్త్రం బోధించి, ఇంచుమించు ఏటా విద్యార్థులను తిమ్మమ్మ మర్రిమాను కిందికి తీసుకెళ్లినవాణ్ణి కనుక నాకు తెలిసినంతలో వివరంగా రాస్తున్నాను.

దండగ కాదు, తప్పక వెళ్లండి. అయితే మూడు రోజుల్లో పది ప్రదేశాలు చుట్టే ప్రయాణంలో ఒకానొక మజిలీగా మాత్రం ఆ మానును పెట్టుకోకండి. ఈ మాట ఎందుకు అంటున్నానంటే మొదటిసారి నేను చేసిన పొరపాటు సరిగ్గా అదే. మా నాన్నగారిని, చిన్నపిల్లలను తీసుకుని ఉదయం నుంచి గుళ్లూ కోటలూ తిరిగి, అక్కడికి చేరేసరికి పొద్దు గుంకబోతోంది. పిల్లలు వెనుక సీట్లో నిద్రపోయారు. నాన్నగారు కారు దిగి, నాతోపాటు కొమ్మల కిందుగా ఓ యాభై అడుగులు నడిచి, నిలబడి, "చెట్టు ఇంకా ఎంత దూరంరా?" అన్నారు. అప్పటికే మేము దాని నడుమ ఉన్నాము. చుట్టూ కనబడుతున్న వందలాది మాన్లను ఆయన ఒక తోపు అనుకున్నారు, ఆ తోపు అవతల ఎక్కడో అసలు చెట్టు ఉందని వెతుక్కుంటున్నారు. ఆ సాయంత్రం మేము చూసింది చీకట్లో కలిసిపోతున్న ఆకారాన్ని మాత్రమే. మళ్లీ ఆరు నెలలకు ఆయన ఒక్కరినే తీసుకుని వెళ్లి, ఉదయమంతా అక్కడే గడిపి వచ్చాము.

ఆయన పొరబడడంలో ఆశ్చర్యం లేదు. పెద్ద చెట్టు అనగానే మన మనసులో మెదిలేది ఒక లావుపాటి మొదలు. అలాంటిదాన్ని చూడాలంటే మీరు హైదరాబాద్ దాటనక్కరలేదు. గోల్కొండ నయా ఖిల్లాలో ఆఫ్రికా దేశపు బావోబాబ్ చెట్టు ఒకటి ఉంది, ఏనుగుల చెట్టు అనే అర్థంలో హతియాన్ కా ఝాడ్ అంటారు. మొదలు చుట్టుకొలత సుమారు 27 మీటర్లు. మా అమ్మాయి కాలిఫోర్నియాలో ఉంటుంది కనుక అక్కడి సెకోయా వనంలో జనరల్ షెర్మన్ అనే మహావృక్షాన్ని కూడా చూశాను. ఎత్తు దాదాపు 84 మీటర్లు, వయసు రెండు వేల ఏళ్లకు పైమాటే. దాని ముందు నిలబడి తల వెనక్కి వాల్చి చూస్తే చాలు, అది ఎంత పెద్దదో ఎవరూ చెప్పనక్కరలేదు. మర్రి అలా నిలబడి చూస్తే అర్థమయ్యే చెట్టు కాదు. అది పైకి కాక పక్కలకు పెరుగుతుంది కనుక నడిచి చూడవలసిందే, నడవడానికి తీరిక ఉండవలసిందే.

ఇక వయసు సంగతి. తాటిచెట్టు మొవ్వులోంచి మర్రి మొలవడం మన పల్లెల్లో అందరూ చూసే ఉంటారు. పక్షి పండు తిని వేసిన రెట్టలోని గింజ ఏ చెట్టు పంగలోనో పడి మొలుస్తుంది, వేళ్లను కిందికి దించి నేలను అందుకుంటుంది, కాలక్రమంలో ఆశ్రయమిచ్చిన చెట్టును అల్లుకుని కబళిస్తుంది. ఆ తరువాత కొమ్మలు పక్కలకు సాగుతూ, వాటినుంచి ఊడలు దిగుతూ, నేలను తాకిన ప్రతి ఊడా క్రమంగా ఒక మానుగా లావెక్కుతూ, చివరికి ఏది మొదటి మానో, ఏది ఊడో తెలియని స్థితి వస్తుంది. మొదటి మాను పుచ్చి మాయమైపోయినా చెట్టుకు లోటుండదు. కోల్‌కతా అవతల హావ్‌డా వృక్షశాస్త్ర ఉద్యానంలోని మహామర్రికి బూజుతెగులు సోకడం వల్ల 1925లో మూలకాండాన్ని పూర్తిగా తొలగించారు. వందేళ్లయినా ఆ చెట్టు ఊడల మీద నిలబడి ఇంకా విస్తరిస్తూనే ఉంది. అసలు మానే లేనప్పుడు వలయాలు లెక్కపెట్టి వయసు తేల్చడం ఎలా? అందువల్ల పిల్లలమర్రికి ఏడెనిమిది వందల ఏళ్లని, తిమ్మమ్మ మర్రిమానుకు ఐదు వందల యాభై ఏళ్లు దాటాయని చెప్పే లెక్కలు తరతరాల నోటిమాటను బట్టి వచ్చినవని గ్రహించండి. ఆ లెక్కే తీసుకుంటే వయసులో పిల్లలమర్రి పెద్దది. విస్తీర్ణంలో మాత్రం పోలికే లేదు.

తిమ్మమ్మ మర్రిమాను విస్తీర్ణాన్ని 1989లో గిన్నిస్ బుక్ నమోదు చేసింది. దాని నీడ పరచుకున్న మేర 19,107 చదరపు మీటర్లు, అంటే దాదాపు నాలుగు ముప్పావు ఎకరాలు. హావ్‌డా మర్రిది సుమారు 18,900 చదరపు మీటర్లు. ఎనిమిది ఎకరాలని చెప్పేవారూ మీకు తారసపడతారు. వాదించకండి, మీ పిల్లల చేత అంచు వెంబడి అడుగులు లెక్కపెట్టించండి. మా విద్యార్థులతో నేను చేయించినది అదే, ఏ ఇద్దరి లెక్కా కలవలేదు.

మర్రిమాను పుట్టుకకు సంబంధించిన కథ మీ అమ్మానాన్నలకు తెలిసే ఉంటుంది. తిమ్మమ్మ అనే ఇల్లాలు భర్త బాల వీరయ్య మరణించాక 1434లో సహగమనం చేసిందని, చితి చుట్టూ నాటిన గుంజల్లో ఒకటి చిగురించి ఈ మర్రి అయిందని అక్కడివారి నమ్మకం. చెట్టు నడుమ ఆమె గుడి ఉంది. పిల్లలు లేనివారు మొక్కుకుంటారు, శివరాత్రికి జాతర జరుగుతుంది. పొద్దుగూకితే ఈ చెట్టు మీద పక్షి నిలవదని, ఆకు తుంచినవారికి కీడు జరుగుతుందని కూడా చెబుతారు. వృక్షశాస్త్రం చదువుకున్నవాడిగా ఒక మాట చెప్పగలను: పచ్చి మర్రిగుంజ నేలలో పాతితే చిగురించడం అసంభవం కాదు, మర్రికొమ్మ సులభంగా వేరు పట్టే జాతిది. సహగమనం గురించి మీ అమ్మాయి అక్కడ తప్పకుండా అడుగుతుంది. దాటవేయకండి. అది ఎలాంటి ఆచారమో, 1829లో చట్టం ద్వారా ఎందుకు నిషేధించారో పదకొండేళ్ల పిల్లకు అర్థమయ్యేలా చెప్పవచ్చు; గుడి ముందు నిలబడి భక్తితో నమస్కరించే నాయనమ్మకు నొప్పి కలగకుండానూ చెప్పవచ్చు. ఇది ముందుగా ఆలోచించుకుని వెళ్లడం మంచిది.

పిల్లలమర్రి విషయంలో మీరు అంచనాలు కొంత తగ్గించుకోవాలి. మహబూబ్‌నగర్ పట్టణానికి నాలుగైదు కిలోమీటర్ల దూరంలో, సుమారు మూడెకరాలకు పైగా పరచుకున్న ఈ మర్రి కొమ్మ ఒకటి 2017 డిసెంబరులో విరిగిపడింది. లోపల చెదలు తినేసినట్లు బయటపడడంతో సందర్శకులను ఆపివేశారు. ఆ మరుసటి ఏడాది అటవీశాఖ చేసిన వైద్యం దేశమంతటా వార్త అయింది: క్లోరోపైరిఫాస్ అనే చెదల మందును నీటిలో కలిపి, ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించినట్లే, సీసాలను కొమ్మలకు వేలాడదీసి చుక్కచుక్కగా లోపలికి దింపారు, వాలిపోతున్న కొమ్మల కింద దిమ్మెలు కట్టారు. చెట్టు కోలుకుంది, కొత్త ఊడలు దిగాయి. 2025 మే నెలలో ప్రపంచ సుందరి పోటీలకు వచ్చిన యువతులను కూడా అక్కడికి తీసుకెళ్లారు. అయినా మన చిన్నప్పటిలాగా ఊడలు పట్టుకుని ఊగే రోజులు పోయాయి. దూరంగా ఉండి చూసి రావలసిందే, అలా ఉండడమే న్యాయం. కొమ్మల మీద ఎక్కి కూర్చోవడం, బెరడు మీద పేర్లు చెక్కడం, ఊడ దిగవలసిన చోట నేలను గట్టిపరచడం వంటివి అంత పెద్ద మర్రిని కూడా లోలోపల గుల్ల చేయగలవు. పక్కనే పురావస్తు ప్రదర్శనశాల, శ్రీశైలం జలాశయంలో ముంపుకు గురైన ప్రాంతం నుంచి విప్పి తెచ్చి తిరిగి నిలబెట్టిన ప్రాచీన దేవాలయం ఉన్నాయి. అన్నీ కలిపి గంటన్నర చాలు.

ప్రయాణం ఇలా పెట్టుకోండి. మొదటిరోజు ఉదయం ఆరు లోపు హైదరాబాద్ దాటండి. 44వ నంబరు జాతీయ రహదారి మీద జడ్చర్ల దాకా వెళ్లి కుడివైపు తిరిగితే మహబూబ్‌నగర్. వెళ్లేముందే పిల్లలమర్రి సందర్శన వేళలు కనుక్కుని పెట్టుకోండి. సెలవు దినం ఏదో తెలియక గేటు ముందు నుంచి తిరిగి వచ్చినవారు నాకు తెలుసు. పదిన్నరకల్లా అక్కడినుంచి కదిలి, భూత్పూర్ దగ్గర మళ్లీ పెద్దరోడ్డు ఎక్కి, కర్నూలు దాటుకుని, మధ్యాహ్న భోజనం అక్కడో డోన్‌లోనో కానివ్వండి. గుత్తి దగ్గర కొండమీద కోట రోడ్డు మీదికే కనిపిస్తుంది. పెద్దవాళ్లతో ఎక్కే పని పెట్టుకోకుండా కారు పక్కకు ఆపి టీ తాగుతూ చూడవచ్చు. అనంతపురం చేరేసరికి నాలుగవుతుంది. అక్కడినుంచి బత్తలపల్లి, ముదిగుబ్బ మీదుగా కదిరికి సుమారు తొంభై కిలోమీటర్లు.

రాత్రి బస ఎక్కడ అన్నదే ఇందులో అసలు నిర్ణయం. అనంతపురంలో సౌకర్యమైన హోటళ్లు ఉన్నాయి, కదిరిలో ఉన్నవి సాధారణమైన లాడ్జీలు. చాలామంది అనంతపురంలో దిగమని చెబుతారు. మీరు మాత్రం కొంచెం అసౌకర్యానికి ఓర్చుకుని కదిరిలోనే దిగండి. కదిరి నుంచి మర్రిమాను పాతిక కిలోమీటర్లకు అటూఇటూ ఉంటుంది, ఉదయం ఏడున్నరకల్లా మీరు చెట్టు కింద ఉండవచ్చు. అనంతపురంలో పడుకుంటే పెద్దవాళ్లు సిద్ధమై, ఫలహారం చేసి, బయలుదేరి చేరేసరికి పదిన్నర దాటుతుంది. పాత పటాల్లో ఈ ప్రాంతం అనంతపురం జిల్లాలో ఉంటుంది. 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. చెట్టున్నది నంబులపూలకుంట మండలంలోని గూటిబయలు ఊరి దగ్గర. ఆ దారిలో పెట్రోలు, మందులు, తాగునీరు దొరుకుతాయని నమ్ముకోకుండా అన్నీ కదిరిలోనే చూసుకోండి.

ఉదయపు వేళ ఎందుకంటే, ఎండ ఏటవాలుగా పడినప్పుడే ఊడల వరుసలు లోతుగా కనిపిస్తాయి. నడినెత్తిన పొద్దున్నప్పుడు లోపలంతా ఒకే నీడ, ఏ ఊడ ముందుందో ఏది వెనకుందో తెలియదు. ముందుగా అందరూ గుడి దర్శనం చేసుకుని, మీ అమ్మానాన్నలను అక్కడే చల్లగా కూర్చోబెట్టండి. నేల చదునుగానే ఉంటుంది గానీ పైకి తేలిన వేళ్లు కాళ్లకు తగులుతాయి, చేతికర్ర తీసుకెళ్లడం మేలు. కోతులు ఉంటాయి కనుక పండ్లు, తినుబండారాలు కారులోనే ఉంచి తలుపులు వేసుకోండి; చేతిలో ప్లాస్టిక్ సంచి కనిపిస్తే చాలు, అందులో ఏముందని అవి విచారించవు.

ఆ తరువాత పిల్లలకు ఊడలు చూపించండి. నా విద్యార్థులకు నేను పెట్టే పని ఒకటే: ఊడకు ఎన్ని వయసులు ఉంటాయో వెతికి పట్టుకోవడం. పై కొమ్మ నుంచి గడ్డంలా గుత్తిగా వేలాడే సన్నటి పోగులు మొదటి దశ. వాటి కొసలు లేతగా, తడిగా, పాలిపోయిన రంగులో ఉంటాయి, అవి ముట్టుకుంటేనే చిట్లిపోయేంత సుకుమారం. మనిషి ఎత్తు దాకా దిగి గాలికి ఊగుతున్నవి రెండో దశ. నేలను అందుకున్నాక కథ మారుతుంది: ఊగడం ఆగిపోతుంది, తీగ లాగి కట్టినట్లు బిగుసుకుంటుంది, అప్పటినుంచి లావెక్కడం మొదలవుతుంది. బొటనవేలంతది, మణికట్టంతది, స్తంభమంతది, చివరికి ఇద్దరు చేతులు చాచినా అందనిది, అన్నీ మీకు ఒక్క కొమ్మ కిందనే వరుసగా దొరుకుతాయి. ఊడ దిగిన చోటుకు అవతల ఆ కొమ్మ ఎలా ఉందో, ఇవతల ఎలా ఉందో పోల్చి చూడమనండి. ఊడ నేల నుంచి సొంతంగా నీరు తెస్తుంది కనుక చాలాచోట్ల అవతలి భాగమే లావుగా ఉంటుంది. కొమ్మ మొదలు దగ్గర సన్నగా ఉండి ముందుకు పోయేకొద్దీ బలుస్తుందంటే పిల్లలు మొదట నమ్మరు, చూశాక మరచిపోరు.

ఇంకొకటి కూడా వెతకమనండి. అటవీశాఖవారు లేత ఊడలకు ఎరువు, మట్టి నింపిన వెదురుబొంగులు తొడిగి నేల దాకా దారి చూపిస్తారు. గాలిలో వేలాడే ఊడ ఎండకు మాడిపోకుండా, పశువు కొరకకుండా, బొంగులోని తేమను పట్టుకుని కిందికి దిగుతుంది. బరువైన కొమ్మల కింద కట్టిన దిమ్మెలు వేరే కనిపిస్తాయి. దిమ్మె కొమ్మను మోస్తుంది గానీ నీరు తేలేదు, అందుకే ఎక్కడ వీలైతే అక్కడ ఊడనే దింపే ప్రయత్నం చేస్తారు. పిల్లలమర్రిలో సెలైన్ సీసాల సంగతి విని వచ్చిన పిల్లలకు, ఇక్కడ ఈ వెదురుబొంగు చూపిస్తే, రోగం వచ్చాక చేసే వైద్యానికీ ముందునుంచీ చేసే పోషణకూ తేడా మీరు వివరించనక్కరలేకుండానే తెలుస్తుంది. రెండు చెట్లనూ ఒకే ప్రయాణంలో చూడమనడానికి నాకున్న కారణం ఇదే.

మూడు గంటలు అక్కడ గడపండి. తరువాత మిగిలిన పూటకు రెండు చోట్లు చాలు. ఒకటి గాండ్లపెంట మండలంలోని కటారుపల్లె, వేమన సమాధి ఉన్న ఊరు. రెండు, సాయంత్రం కదిరి నరసింహస్వామి ఆలయం. ఆ ఊరి పేరు కూడా చెట్టు నుంచి వచ్చిందనే చెబుతారు: ఖదిర వృక్షం అంటే చండ్రచెట్టు, దాని కింద స్వామి వెలిశాడని స్థలపురాణం. ఫాల్గుణ మాసంలో రథోత్సవం రోజుల్లో అయితే కదిరిలో గది దొరకడమే కష్టం; మీరు వెళ్లేది డిసెంబరులో కనుక ఆ ఇబ్బంది లేదు. లేపాక్షిని కలుపుకోవాలని మీకు అనిపిస్తుంది, అందరూ అదే చెబుతారు. గొప్ప ఆలయమే, కాదనను. అయితే అది వేరుగా ఒకరోజు కోరే ప్రదేశం. ఈ మూడు రోజుల్లో ఇరికిస్తే దానికీ మానుకూ రెండింటికీ అన్యాయం చేసినట్లవుతుంది. రెండో రాత్రి అనంతపురంలో హాయిగా పడుకుని, మూడోరోజు ఉదయం ఉగ్గాని బజ్జీ తిని బయలుదేరితే, దారిలో రెండుసార్లు ఆగినా చీకటి పడకముందే ఇల్లు చేరతారు.

చివరగా మీ అమ్మగారి కోరిక. మర్రిమాను నుంచి కొమ్మ గానీ, ఊడ గానీ, ఆకు గానీ తుంచకండి. నియమం ఎలాగూ ఒప్పదు, అక్కడివారి మనసూ నొచ్చుకుంటుంది. రోజూ వందలమంది వచ్చే చోట తలా ఒక కొమ్మ అంటే చెట్టుకేమి మిగులుతుంది? మర్రి కావాలంటే మీ ఊరి పరిసరాల్లో ఆరోగ్యంగా ఉన్న ఏ చెట్టు నుంచైనా యజమానిని అడిగి, బొటనవేలంత లావున్న ముదురు కొమ్మను రెండు మూడు అడుగుల పొడవున కోసి, తొలకరిలో నాటితే వేరు పడుతుంది; అటవీశాఖ నర్సరీలో మొక్కే దొరికితే మరీ మంచిది. అయితే డిసెంబరులో తెచ్చి నాటే పని వద్దు, నీరు పోసేవారు దగ్గర లేకపోతే వేసవి దాటదు. నాటే చోటు చెరువుగట్టు పక్క బయలు గానీ, ఊరి పోరంబోకు గానీ అయి ఉండాలి, పంచాయతీవారి అనుమతి తీసుకోవాలి. ఇంటి గోడ, బావి, మురుగుకాలువ, కరెంటు తీగలు దరిదాపుల్లో ఉండకూడదు. చెరువుకట్ట మీద మాత్రం నాటకండి, వేళ్లు కట్టలోకి దిగి గండికి దారితీస్తాయి. మొదటి మూడేళ్లు మేకలకు అందకుండా ముళ్లకంచె వేయించి, వేసవిలో వారానికి రెండుసార్లు నీరు పోసేందుకు ఊళ్లో ఎవరినైనా కుదుర్చుకోగలిగితేనే ఆ పనికి పూనుకోమని మీ అమ్మగారికి చెప్పండి.